‘లేదు’ గడిలో టిక్కు పెట్టకండి

మా మిత్రుడి కూతురు పోయిన వారం పండుగకని ఇంటి వంట మోసుకుని విదేశానికి వెళ్లింది. దిగిన విమానాశ్రయంలోనే డబ్బా పోయింది, జరిమానా పడింది, తర్వాత ఎక్కవలసిన విమానం వెళ్లిపోయింది. డబ్బాలో ఉన్నవి వేయించిన మాంసం, పాల మిఠాయి. అవి పోతే పోయాయి. అసలు తప్పు అంతకు ముందే జరిగింది. కస్టమ్స్ ఫారంలో ‘ఆహార పదార్థాలు ఉన్నాయా?’ అన్న ప్రశ్నకు ‘లేదు’ అని టిక్కు పెట్టింది.

మూత బిగించండి, బరువు చూసుకోండి వంటివి మీకు చెప్పనక్కరలేదు. నా గొడవంతా ఆ గడి గురించే.

‘ఉంది’ అంటే పట్టుకుంటారని, ‘లేదు’ అంటే వదిలేస్తారని చాలామంది లెక్క. జరిగేది తలకిందులు. అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ‘ఉంది’ అని చూపిస్తే, అనుమతి లేని వస్తువైనా అక్కడ వదిలి వెళ్లడంతో సరి. ‘లేదు’ అన్నాక దొరికితే శిక్ష అబద్ధానికి పడుతుంది. న్యూజిలాండ్‌లో అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. 2018లో అమెరికాలో ఒక ప్రయాణికురాలికి విమానంలో ఇచ్చిన ఒక్క ఆపిల్ 500 డాలర్లకు వచ్చింది. 2022లో బాలి నుంచి ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో దిగిన ఒకరి సంచిలో రెండు గుడ్డు-మాంసం మఫిన్లు, ఒక హామ్ క్రోసాంట్ దొరికాయి. కట్టింది 2,664 ఆస్ట్రేలియా డాలర్లు.

తిండి విషయంలో ఇంత కఠినమా అనిపిస్తుంది. 2001లో గాలికుంటు వ్యాధి వల్ల బ్రిటన్‌లో అరవై లక్షలకు పైగా పశువులను చంపారు. దొంగచాటుగా వచ్చిన మాంసం పందుల కుడితిలో కలవడమే దానికి మూలమని భావించారు. కాబట్టి ఎండబెట్టాం, వేయించాం, గాలి తీసి ప్యాక్ చేశాం అంటే అధికారి వినడు.

పోయిన ఏడాది చెల్లిందన్న ధీమా కూడా వద్దు. 2025లో జర్మనీ, హంగరీ, స్లొవాకియాలలో అదే వ్యాధి కనబడింది. ఏప్రిల్ కల్లా బ్రిటన్ యూరోపియన్ యూనియన్ మొత్తం నుంచి గొడ్డు, గొర్రె, మేక, పంది మాంసాన్ని, పాల పదార్థాలను ప్రయాణికులు తేకుండా ఆపేసింది. బయలుదేరే వారంలో ఆ దేశపు కస్టమ్స్ వెబ్‌సైట్ చూడండి.

‘అమ్మ సర్దింది, లోపల ఏముందో నాకు తెలియదు’ అన్నది ఆ అమ్మాయి. చెల్లలేదు, సంతకం తనది. డబ్బా ఒలకకూడదని పాపం ఆ తల్లి నాలుగు పొరల వార్తాపత్రికలు చుట్టి తువ్వాళ్ల మధ్య పెట్టింది. తనిఖీ బల్ల మీద అది అచ్చంగా దాచినట్టే కనబడింది.

పెట్టె మీరే సర్దుకోండి. తిండి డబ్బాలన్నీ ఒకే చోట, పైన ఉంచండి.

ప్రతి డబ్బా మీద లోపల ఏముందో ఇంగ్లీషులో రాయండి.

చేతి సంచిలో పులుసు, సాస్, తేనె వంటివి పెట్టకండి. 100 మిల్లీలీటర్లు దాటితే చాలా విమానాశ్రయాల్లో ద్రవాల కింద తీసేస్తారు.

విమానంలో ఇచ్చిన పండు విమానంలోనే తినండి.

యూఏఈకి గసగసాలు ఒక్క చెంచా కూడా వద్దు. అక్కడ అవి నిషిద్ధం.

ఇతరుల డబ్బా మోయకండి. ఎంత దగ్గరి చుట్టమైనా సరే.

ఫారం లేని చోట ఆకుపచ్చ దారిలో (చూపించవలసినవి ఏమీ లేనివారి దారి) నడిచారంటే ‘లేదు’ అన్నట్టే.

పార్సిల్‌లో పంపినా నియమాలు ఉంటాయి. ‘బహుమతి’ అని రాసినంత మాత్రాన మాఫీ కావు.

అక్కడే వండుకుంటున్నారా? పొగ అలారానికి గుడ్డ చుట్టకండి. నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి, పొయ్యి ఆపి మూత పెట్టండి.

వండించుకుని తెచ్చుకున్న అన్నాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచకండి. అందులో పుట్టే ఒక రకం విషం మళ్లీ వేడి చేసినా పోదు.

పొరపాటున ‘లేదు’ గడిలో టిక్కు పెట్టేశారా? తనిఖీ బల్ల దగ్గరికి చేరకముందే అధికారిని పిలిచి చెప్పండి. సంచి తెరవమన్నాక నోరు విప్పితే లెక్కలోకి రాదు.