బడి కమిటీ పాఠాలు – 4: అంకెల్ని పేర్లుగా మార్చడం

పోయిన పాఠంలో కమిటీకి ఏ అధికారం ఉందో, ఏది లేదో చూశాం. మధ్యలో చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మన రెండు రాష్ట్రాల్లో తరగతికి ముగ్గురు తల్లిదండ్రుల్ని ఎన్నుకుంటారు, హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయులు) కన్వీనర్‌గా ఉంటారు. టీచర్ని వేయడం, బదిలీ చేయడం కమిటీ చేతిలో లేదు. బడి ఎలా నడుస్తోందో చూడడం, ప్రణాళిక రాయడం, గ్రాంటు దేనికి ఖర్చయిందో అడగడం మాత్రం చట్టమే ఇచ్చిన పని. తెలంగాణలో 2024లో మహిళా సంఘాల వాళ్ళతో వేసిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో ఉన్న అక్కలకు కూడా ఈ పాఠం అంతే పనికొస్తుంది.

అడగాలంటే ముందు లెక్క చదవడం రావాలి. మీటింగ్‌లో హెచ్‌ఎం గారు "హాజరు 86 శాతం, ఫలితాలు 72 శాతం" అని చదువుతారు, అందరూ తలూపుతారు, టీ వస్తుంది, సంతకాలు అయిపోతాయి. ఇందులో హెచ్‌ఎం తప్పేమీ లేదు. పైనుంచి ఏ ఫార్మాట్ వస్తే దాన్నే ఆయన నింపుతారు. కానీ ఆ ఫార్మాట్ జిల్లా అంతటినీ ఒక్కసారిగా చూసేవాళ్ళ కోసం తయారైంది. యాభై మంది కూడా లేని బడికి శాతం పనికిరాదు. తొమ్మిది మంది ఉన్న తరగతిలో ఒక్క పిల్ల జ్వరమొచ్చి పరీక్ష రాయకపోతే ఫలితం 11 శాతం పడిపోతుంది. మర్నాడు పేపర్లో ఆ బడి "వెనకబడింది" అని వస్తుంది. చిన్న బడి కమిటీకి ఒక సౌకర్యం ఉంది, దాన్ని వాడుకోవాలి: ప్రతి అంకె వెనక ఉన్న పిల్ల పేరు, ఇల్లు మీకు తెలుసు.

కావలసిన కాగితాలు

యూడైస్ అంటే దేశంలోని బడులన్నిటి లెక్కలు ఒకచోట ఉంచే ప్రభుత్వ వ్యవస్థ. అందులో మీ బడికి 11 అంకెల కోడ్ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ అయితే 28తో, తెలంగాణ అయితే 36తో మొదలవుతుంది. చాలా బడుల్లో గోడ మీదే రాసి ఉంటుంది. యూడైస్ ప్లస్ సైట్‌లో ఆ కోడ్ కొడితే మీ బడి రిపోర్ట్ కార్డు ఫోన్‌లోనే వస్తుంది. తరగతివారీ పిల్లలు, టీచర్లు, గదులు, మరుగుదొడ్లు, వచ్చిన గ్రాంటు అన్నీ అందులో ఉంటాయి. యూడైస్ లెక్కకు సెప్టెంబర్ 30 ఆధార తేదీ. ఆ తర్వాత చేరినవాళ్ళు, వెళ్ళిపోయినవాళ్ళు అందులో కనపడరు. రెండేళ్ళ కార్డులు పక్కపక్కన పెట్టుకోండి. దానితో పాటు బడిలో ఉండే అడ్మిషన్ రిజిస్టర్, హాజరు పట్టీ, మధ్యాహ్న భోజనం రిజిస్టర్ చూపించమని అడగండి. అడిగే పద్ధతి ముఖ్యం. "సార్, మా 4వ పాఠం చేసుకోవాలి, కాస్త చూపిస్తారా" అంటే ఎవరూ కాదనరు. తనిఖీకి వచ్చినట్టు కూర్చుంటే మాత్రం ఆ రోజు బీరువా తాళం కనపడదు.

మెట్ల లెక్క

ఈ పాఠంలో అసలు పని ఇదే, నిదానంగా చేయండి. ఒక ప్రాథమిక బడి అనుకుందాం, లెక్క కోసం కల్పించినదే. పోయినేడు ఒకటి నుంచి ఐదు వరకు వరుసగా 10, 13, 10, 14, 11 మంది, మొత్తం 58. ఈ ఏడు వరుసగా 6, 7, 12, 9, 13 మంది, మొత్తం 47.

రిపోర్టులో దీన్ని "నమోదు 19 శాతం తగ్గింది" అని రాస్తారు. ఊళ్ళో "సార్లు సరిగ్గా చెప్పట్లేదు, అందుకే పిల్లలు పోతున్నారు" అంటారు. టీచర్లేమో "ఊళ్ళో పిల్లలే పుట్టట్లేదు" అంటారు. ఎవరి మాట ఎంత నిజమో తేలాలంటే రెండేళ్ళ లెక్కని నిలువుగా కాకుండా ఏటవాలుగా చదవాలి. పోయినేటి ఒకటో తరగతి ఈ ఏడు రెండో తరగతి కదా? 10 మంది ఉండాల్సిన చోట 7 ఉన్నారు, ముగ్గురు పోయారు. పోయినేటి రెండు 13, ఈ ఏటి మూడు 12, ఒకరు పోయారు. 10 నుంచి 9, మరొకరు. 14 నుంచి 13, ఇంకొకరు. ఐదో తరగతిలో ఉన్న 11 మంది హైస్కూలుకి వెళ్ళారు, అది మామూలే. కొత్తగా ఒకటిలో చేరింది 6.

అంటే బడి మధ్యలో వదిలింది ఆరుగురే. పైకి వెళ్ళిన 11 మంది స్థానంలో కింద నుంచి ఆరుగురే వచ్చారు, అక్కడ ఇంకో ఐదు తగ్గింది. రెండూ కలిపితే 11. ఇవి రెండు వేర్వేరు సమస్యలు, మందు కూడా వేరు. ఒకటో తరగతి చేరికలు ఎందుకు తగ్గాయో తెలియాలంటే అంగన్‌వాడీ టీచర్ దగ్గరికి వెళ్ళాలి, ఐదేళ్ళు దాటిన పిల్లలు ఊళ్ళో ఎందరో ఆమె దగ్గర రాసి ఉంటుంది. అక్కడ ఆరుగురే ఉంటే మీ బడికి వంద శాతం వచ్చినట్టే, బాధపడాల్సింది లేదు. పన్నెండు మంది ఉంటే మిగతా ఆరుగురు ఏ బస్సెక్కుతున్నారో కనుక్కోవాలి.

ఒకటి నుంచి రెండుకి వచ్చేలోపు ముగ్గురు పోవడం మాత్రం గట్టిగా పట్టించుకోవాల్సిన విషయం. చేర్పించి, ఏడాది చూసి, తీసేశారంటే ఆ ఇంటివాళ్ళకి ఏదో నచ్చలేదు. అడ్మిషన్ రిజిస్టర్ తీసి ఆ ముగ్గురి పేర్లు రాసుకోండి. కారణం కాలమ్‌లో "తల్లిదండ్రుల కోరిక మేరకు" అని ఉంటుంది, దాన్ని నమ్మకండి. ఇంటికి వెళ్ళి అడిగితే ఒక ఇల్లు వలస పోయి ఉండొచ్చు, ఇంకో ఇంట్లో ఇంగ్లీషు మీడియం అనుకుని ఉండొచ్చు, మూడో ఇంట్లో "మా వాడిని పెద్దపిల్లలతో కలిపి కూర్చోబెడుతున్నారమ్మా" అనొచ్చు. ఆ మూడో మాట మీద కమిటీ ఏదో ఒకటి చేయగలదు.

ఆంధ్రప్రదేశ్ పాఠకులకు ఒక హెచ్చరిక. 2022లో జీవో 117తో చాలా చోట్ల 3, 4, 5 తరగతుల్ని దగ్గరి హైస్కూళ్ళలో కలిపారు, 2025లో ఆ జీవోని రద్దు చేసి మళ్ళీ సర్దారు. ఆ ఏళ్ళ లెక్కల్లో మూడో తరగతి దగ్గర ఒక్కసారిగా సున్నా కనపడితే పిల్లలు మానేశారని అనుకోకండి, తరగతే వేరే ఆవరణకి వెళ్ళి ఉంటుంది.

టీచరు రోజులు

విద్యాహక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు. రేషనలైజేషన్ (పిల్లల సంఖ్యని బట్టి టీచర్ పోస్టుల్ని సర్దడం) అప్పుడు రాష్ట్రం ఏ జీవో పట్టుకుంటుందో అది వేరే సంగతి, మీ ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగండి. మన ఉదాహరణ బడికి ఇద్దరు. ఐదు తరగతులు, ఇద్దరు మనుషులు. కాగితం మీద ఇది "ఖాళీలు లేవు" అనే బడి.

ఇప్పుడు రోజులు లెక్కపెట్టండి. ఒక్కో టీచరుకి ఏడాదికి 15 క్యాజువల్ లీవులు, 7 స్పెషల్ క్యాజువల్ లీవులు. ఇద్దరూ ఒకే రోజు పెట్టరు, పెట్టకూడదు కూడా. అంటే ఇద్దరూ మొత్తం వాడుకుంటే 44 రోజులు బడి ఒక్కరి మీదే నడుస్తుంది. దానికి ట్రైనింగులు, కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల టీచర్ల) మీటింగులు, ఎన్నికల డ్యూటీ కలపండి. చట్టం కోరే కనీస పనిదినాలు 200. అందులో పావు వంతు పైగా ఒకే టీచరు ఐదు తరగతులు చూసుకుంటున్నట్టు తేలితే ఆశ్చర్యపోకండి. ఎవరూ ఎగ్గొట్టలేదు, అన్నీ హక్కుగా ఉన్న సెలవులే, పైనుంచి వచ్చిన పనులే. నా దృష్టిలో చిన్న బడి చదువు నీరసపడడానికి ఇదే పెద్ద కారణం, కానీ దీని గురించి ఏ రిపోర్టులోనూ కాలమ్ లేదు. టీచర్ల హాజరు పట్టీ నుంచి నెలకి "ఇద్దరూ ఉన్న రోజులు ఎన్ని" అని మీరే ఒక గీత గీసి రాసుకోండి. ఇక సర్దుబాటు పేరుతో ఒక టీచర్ని వేరే బడికి పంపితే, జీతం ఇక్కడ, పాఠం అక్కడ. ఎంఈవోకి రాసే అర్జీలో "టీచర్ కావాలి" అనే మాట కన్నా ఈ గీతలో ఉన్న అంకె ఎక్కువ పనిచేస్తుంది.

భోజనం రిజిస్టర్

ఒక రోజు హాజరు, అదే రోజు భోజనం చేసినవాళ్ళ సంఖ్య పక్కపక్కన పెట్టండి. భోజనం కాస్త తక్కువ ఉండడం సహజం, కొందరు ఇంటి నుంచి బాక్సు తెచ్చుకుంటారు. హాజరు కన్నా భోజనం ఎక్కువుంటే అడగాలి. ప్రాథమిక తరగతుల్లో పిల్లకి రోజుకి 100 గ్రాముల బియ్యం కొలత, 40 మంది తింటే 4 కిలోలు. వంట చేసే అక్కని అడిగితే ఆ రోజు ఎంత పోసిందో చెప్తుంది. నెల మొత్తం వద్దు, ఏవైనా మూడు రోజులు చాలు.

చదువు వచ్చిందా

మార్కుల జాబితా పక్కన పెట్టండి. రెండో తరగతి తెలుగు వాచకం స్థాయిలో, పిల్లలు ఎన్నడూ చూడని పది వాక్యాల కథ ఒకటి, ఒకటో తరగతి స్థాయి నాలుగు వాక్యాలు, కొన్ని పదాలు, కొన్ని అక్షరాలు ఒక కాగితం మీద పెద్దగా రాయండి. పల్లె పిల్లలకి చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూసే అసర్ సర్వేలో వాడే పద్ధతి ఇలాంటిదే. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని ఒక్కొక్కరినీ వేరుగా పిలిచి, ముద్దుగా మాట్లాడి, చదివించండి. కథ చదవగలిగితే "క", లేకపోతే ఆ నాలుగు వాక్యాలైతే "వా", పదాలైతే "ప", అక్షరాలైతే "అ". పేరు ఎదురుగా ఆ గుర్తు ఒక్కటి చాలు. మిగతా పిల్లల ముందు చదివించకండి, బెరుకుతో రానివాళ్ళుగా లెక్కలోకి వెళ్ళిపోతారు. టీచరు పక్కనే ఉండి చేయడం మంచిది, ఎవరి మీదో నిఘాలా ఉండదు. డిసెంబర్లో ఒకసారి, మార్చిలో మరోసారి. అప్పుడు మీరు చూడాల్సింది "ప" నుంచి "వా"కి ఎవరెవరు కదిలారన్నదే.

గ్రాంటు

కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కింద బడి ఖర్చులకి వచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యని బట్టి ఉంటుంది. 30 మంది వరకు ఉన్న బడికి ఏడాదికి 10,000, వంద వరకు 25,000, 250 వరకు 50,000 రూపాయలు. అందులో కనీసం పదో వంతు శుభ్రతకి ఖర్చు పెట్టాలి. మన 47 మంది బడి 25,000 జాబితాలో ఉంది. రెండేళ్ళలో 30కి పడితే 15,000 పోతుంది, కరెంటు బిల్లు మాత్రం తగ్గదు. డబ్బు ఇప్పుడు బ్యాంకు ఖాతాలో నిల్వగా పడదు, ఖర్చు పెట్టే లిమిట్‌గా వస్తుంది. మార్చి 31 లోపు వాడకపోతే వెనక్కి పోతుంది. కాబట్టి ఏం కొనాలో ముందే తీర్మానం రాసిపెట్టుకోవడం తెలివైన పని.

తీర్మానం ఎలా రాయాలి

మినిట్స్ పుస్తకంలో తరచూ కనిపించే వాక్యం: "విద్యా ప్రమాణాలు మెరుగుపరచాలని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." ఇది ఎవరికీ పని చెప్పదు, కాబట్టి ఎవరూ చేయరు. దాని బదులు ఇలా రాసి చూడండి: "ఒకటో తరగతి నుంచి రెండుకి రాకుండా వెళ్ళిపోయిన ముగ్గురు పిల్లల ఇళ్ళకి చైర్‌పర్సన్, రెండో తరగతి తల్లి సభ్యురాలు ఈ నెల 20 లోగా వెళ్ళి కారణం తెలుసుకుని వచ్చే సమావేశంలో చెప్పాలి. నాలుగో తరగతిలో పదాల దగ్గరే ఆగిన ఇద్దరికి మధ్యాహ్నం చివరి పీరియడ్‌లో చదివించే బాధ్యత హెచ్‌ఎం గారిది." ఇందులో మనిషి, తేదీ, పని మూడూ ఉన్నాయి. వచ్చే మీటింగ్‌లో మొదట దీన్నే చదవండి.

ఈ నెల అభ్యాసం

మీ బడి రెండేళ్ళ తరగతివారీ లెక్క తీసుకుని మెట్ల లెక్క వేయండి. మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు రాసి, కనీసం ఒక ఇంటికి వెళ్ళి రండి. గత నెల ఇద్దరు టీచర్లూ ఉన్న రోజులు లెక్కపెట్టండి. ఏకోపాధ్యాయ బడి అయితే తాళం పడిన రోజులు లెక్కపెట్టండి. హైస్కూలు కమిటీ సభ్యులు ఆరో తరగతి నుంచి ఇదే పద్ధతిలో చేయండి, ఎనిమిది దాటి తొమ్మిదికి వచ్చే చోట ఆడపిల్లల వరుస వేరుగా వేయడం మర్చిపోకండి.

5వ పాఠంలో బడి అభివృద్ధి ప్రణాళిక రాయడం మొదలుపెడదాం. మూడేళ్ళ ప్రణాళిక అది, ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే తయారు కావాలి. ఈ కాగితాలన్నీ అప్పుడు చేతిలో ఉండాలి, ఒక ఫైల్లో పెట్టుకోండి.