పారిజాతం ఆకు రాలిస్తే, పూయకపోతే

పారిజాతం పువ్వు చీకటి పడ్డాక విచ్చుకుని, తెల్లారేసరికి నేల మీద ఉంటుంది. అది తెగులు కాదు, దానికి మందు అక్కర్లేదు. అసలు సమస్యలు వేరే ఉన్నాయి.

ఆకులన్నీ రాలి మోడైంది

పూత అయిపోయాక, ఎండలు ముదిరే రోజుల్లో అయితే భయం లేదు. ఇది ఆకు రాల్చే జాతి. అనుమానంగా ఉంటే సన్నటి కొమ్మ బెరడును గోటితో గీకండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. ఎండి పెళుసుగా ఉంటే, పచ్చదనం కనిపించేదాకా ఆ కొమ్మను కిందికి కత్తిరించండి.

మొక్కలు ఎక్కువగా చచ్చిపోయేది ఈ దశలోనే. ఎండిపోతోందన్న టెన్షన్‌తో రోజూ నీళ్లు పోసేస్తారు. ఆకు లేని మొక్క అంత నీరు తాగలేదు, తడి నిలిచి వేరు కుళ్లుతుంది. మట్టిలోకి వేలు గుచ్చి, రెండు అంగుళాల లోతున పొడిగా తగిలితేనే నీళ్లివ్వండి. చిగురు వేశాక కొద్దికొద్దిగా పెంచండి.

వానల్లో ఆకులు పసుపుబారి రాలుతుంటే మాత్రం పాదులో నీరు నిలుస్తోందేమో చూడండి. కాలువ తీసి నీటిని బయటికి పంపాలి. కుండీ అయితే అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి.

ఏపుగా పెరుగుతోంది, పువ్వు లేదు

ముందు ఎండ సంగతి చూడండి. రోజుకు ఐదారు గంటల ఎండ తగలకపోతే పూత పలచబడుతుంది. ఎండ బాగానే ఉంటే యూరియా లాంటి నత్రజని ఎరువు ఎక్కువైందేమో. దాన్ని ఆపి, బాగా మాగిన పశువుల ఎరువు వేయండి.

ఈ రెండూ కాకపోతే తప్పు కత్తెరది. పారిజాతం కొత్త కొమ్మల మీద పూస్తుంది. పూతకు ముందు, వానల్లో కత్తిరిస్తే మొగ్గ వేయాల్సిన కొమ్మలే పోతాయి. పూత ముగిశాక, కొత్త చిగురు రాకముందే కత్తిరించండి. గింజ నుంచి పెంచిన మొక్కకైతే కొన్నేళ్లు ఆగాల్సిందే, ఎరువుతో తొందరపెట్టొద్దు.

లేత ఆకు పసుపు, ఈనెలు పచ్చన

ఇనుము అందడం లేదు. సున్నం ఎక్కువున్న నేలలో ఇది మామూలే. మొక్క తేలిగ్గా పీల్చుకునే రూపంలో ఉండే ఇనుము, అంటే చీలేటెడ్ ఐరన్‌ను ప్యాకెట్ మీద రాసిన మోతాదులో ఆకుల మీద చల్లండి.

కొమ్మల మీద తెల్లటి దూది

ఇది పిండినల్లి అనే పురుగు. నీటి ధారతో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. వారానికి మళ్లీ చేయాలి.