చెరువులో నాచుకు అల్ట్రాసౌండ్ పెట్టే ముందు సీసా, సుత్తి తీసుకోండి

బెంగళూరు చుట్టుపక్కల హొసకోటె, మాలూరు, చింతామణి వైపు చేపలు వేసిన మనవాళ్ళలో ఈ మాట బాగా నడుస్తోంది: చెవికి వినపడని ధ్వని, అంటే అల్ట్రాసౌండ్, పంపే డబ్బా ఒకటి నీళ్ళలో వేలాడదీసి కరెంటిస్తే నాచు పోతుందట, మందు చల్లే పనే లేదట అని. పోతే పోవచ్చు, కానీ అన్ని రకాల నాచూ పోదు, రాత్రికి రాత్రి పోదు, పైగా మొత్తం పోవాలని మీరు కోరుకోనే కూడదు. అమ్మేవాళ్ళు ఈ మూడూ గట్టిగా చెప్పరు కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

చేపల చెరువులో నీళ్ళు లేత పచ్చగా ఉన్నాయంటే అది మంచిదే. పగటిపూట నీళ్ళలో చేరే ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం ఆ పచ్చదనం ఇచ్చేదే, దాన్ని తిని బతికే చిన్న చిన్న జీవుల మీదే బొచ్చె పెరుగుతుంది. చిక్కొచ్చేది అది మితిమీరినప్పుడు. రాత్రిళ్ళు నాచు కూడా ఆక్సిజన్ పీలుస్తుంది కదా, తెల్లవారుజామున డీవో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) పడిపోయి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి, అదే మధ్యాహ్నం మూడింటికి చూస్తే పీహెచ్ 9 దాటి కూర్చుని ఉంటుంది, నీళ్ళలో ఉన్న అమ్మోనియా విషమయ్యేది అప్పుడే. కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. 20 సెంటీమీటర్ల గుండ్రటి రేకుకి నలుపు తెలుపు రంగులు వేసి, మధ్యలో తాడు కట్టి, నీళ్ళలోకి దించుతూ ఎక్కడ కనబడకుండా పోతుందో చూడండి. అది 30 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య ఉంటే దేనికీ డబ్బు ఖర్చు పెట్టకండి. 20 లోపు ఉంటే, అది బురద వల్ల కాక నాచు వల్లే అయితే, అప్పుడు ఆలోచించాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న, మీ చెరువులో ఉన్నది ఏ నాచు? గట్టుకి, ప్లాస్టిక్ షీటుకి అంటుకుని జుట్టులా సాగే పాచి ఉంటే, కర్రతో తిప్పితే చుట్టుకుని పైకొస్తుంది. దాని మీద అల్ట్రాసౌండ్ పెద్దగా పని చెయ్యదు, వల వేసి లాగెయ్యడమే. నీళ్ళంతా సమంగా కలిసిపోయిన లేత పచ్చ రంగు ఉంటే అది మామూలు ఆకుపచ్చ నాచు, దాన్ని కదిలించకండి. మీరు వేటాడాల్సింది నీలి ఆకుపచ్చ నాచును. ఎండెక్కేకొద్దీ పైకి తేలి, గాలి వీచే వైపు గట్టు దగ్గర పెయింటు ఒలికినట్టు మందంగా పేరుకుంటుంది, ఎండితే నీలం చార కనిపిస్తుంది, ఒకరకమైన మట్టి వాసన కూడా ఉంటుంది. పట్టుబడి అయ్యాక మార్కెట్లో చేప బురద కంపు కొడుతోందని ధర తగ్గిస్తారే, ఆ వాసన వెనక చాలాసార్లు ఉండేది ఈ జాతే.

ఇది తేలడానికి కారణం, దాని కణాల లోపల గాలి నిండిన అతి సన్నటి గొట్టాలు ఉంటాయి. అల్ట్రాసౌండ్ దెబ్బ కొట్టేది ప్రధానంగా వాటినే. గొట్టాలు కుప్పకూలితే నాచు తేలలేదు, కిందికి దిగుతుంది, కింద వెలుతురు అందక పెరుగుదల ఆగిపోతుంది. కాబట్టి మీ నాచులో ఆ గాలి గొట్టాలు ఉన్నాయో లేవో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. దీనికో పాత పరీక్ష ఉంది, క్లెబాన్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త 1895లో రాసిపెట్టినది, ఖర్చేమీ లేదు.

మందపాటి గాజు సీసాలు రెండు తీసుకోండి, పాత సోడా సీసాలు సరిపోతాయి. పొద్దున పదకొండు గంటలప్పుడు, తెట్టు కట్టిన చోట నీళ్ళు ముంచి రెండిట్లోనూ అంచుదాకా నింపండి, గాలి బుడగ ఒక్కటి కూడా మిగలకూడదు. రెండిటికీ బెరడు బిరడా పెట్టండి. ఒకదాన్ని పక్కన పెట్టి, రెండోదాన్ని తడి గోనెసంచిలో చుట్టి, చేతికి గ్లౌజులు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, బిరడా మీద సుత్తితో గట్టిగా ఒక దెబ్బ వెయ్యండి. గాజు పగలొచ్చు, సంచి లేకుండా చెయ్యకండి. ఆ ఒత్తిడి నీళ్ళలో నాచు దాకా పోయి గాలి గొట్టాలను నలిపేస్తుంది. సీసా బయటికి తీసి వెలుతురుకి పట్టి చూడండి: పాలు కలిపినట్టు మసగ్గా ఉన్న పచ్చదనం ఒక్కసారిగా తేటపడి ముదురుగా కనిపిస్తుంది. రెండు సీసాలనూ ఒక గంట కదపకుండా పెడితే, దెబ్బ తగలని దాంట్లో నాచు మెడ దగ్గర పేరుకుంటుంది, దెబ్బ తిన్న దాంట్లో అడుక్కి దిగుతుంది. ఇలా జరిగితే అల్ట్రాసౌండ్ గురించి ఆలోచించొచ్చు. రెండూ ఒకేలా ఉంటే ఆ యంత్రం మీకు పనికొచ్చే అవకాశం తక్కువ, ఇక్కడితో చదవడం ఆపేసినా నష్టం లేదు. ఇంకా అనుమానంగా ఉంటే ఒక సీసా నీళ్ళు పట్టుకుని హెసరఘట్టకు వెళ్ళండి, అక్కడ సిఫా (కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ) ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఉంది, సూక్ష్మదర్శిని కింద చూడమని అడగండి.

అయితే సుత్తి దెబ్బ వేరు, చెరువులో డబ్బా వేరు. చెరువులకు అమ్మే యంత్రాలు 20 కిలోహెర్ట్జ్ పైన రకరకాల ఫ్రీక్వెన్సీల్లో చాలా తక్కువ శక్తితో ధ్వని పంపుతాయి, కొన్ని పదుల వాట్లు మాత్రమే వాడతాయి. పైగా విరిగిన గాలి గొట్టాలను నాచు కొద్దిరోజుల్లోనే మళ్ళీ కట్టుకుంటుంది, అందుకే ఇవి రాత్రీ పగలూ ఆగకుండా నడవాలంటారు. ఇంత తక్కువ శక్తి సరిపోతుందా అన్నది ఇప్పటికీ తెగని పంచాయితీ. నెదర్లాండ్స్ పరిశోధకులు 2014లో బజారులో దొరికే యంత్రాలనే ప్రయోగశాలలో పెట్టి చూస్తే నీలి ఆకుపచ్చ నాచు పెరుగుదల మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు, పైగా నాచును తినే డాఫ్నియా అనే నీటి పురుగులు చచ్చిపోయాయి. మనకు ఈ రెండో ముక్క ముఖ్యం, బొచ్చె తినేది ఇలాంటి జీవుల్నే. చేపలకు మాత్రం ఈ శబ్దంతో ఇబ్బంది ఉండకపోవచ్చు, కార్పు జాతి చేపల వినికిడి కొన్ని వేల హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి నా సలహా ఒకటే, ట్రయల్‌కి ఇచ్చి, పని చెయ్యకపోతే వెనక్కి తీసుకుంటామని రాసిచ్చే వాళ్ళ దగ్గరే కొనండి. "ఐదెకరాలు కవరవుతుంది సార్" అంటే, అది వంపుల్లేని ఖాళీ నీళ్ళలో లెక్కా, నీళ్ళకు గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్న చెరువులో లెక్కా అని అడగండి.

బెంగళూరు ఎస్పీ రోడ్డులో ట్రాన్స్‌డ్యూసర్లు (కరెంటును ధ్వనిగా మార్చే భాగాలు) దొరుకుతున్నాయి కదా, మనమే తయారు చేసుకుందాం అనే ఇంజనీరు బుర్రలు మనలో తక్కువేం లేవు. అక్కడ దొరికేవి ఎక్కువగా సామాన్లు శుభ్రం చేసే తొట్టెలకు వాడే 40 కిలోహెర్ట్జ్‌వి, ఒకే ఫ్రీక్వెన్సీ, నీళ్ళలో ముంచడానికి చేసినవి కావు, వాటిని నడిపే వోల్టేజీ కూడా ఎక్కువ. చెరువులో మనుషులు దిగుతారు, వద్దు.

బిగించడంలో అసలు కిటుకు ఏమిటంటే, ధ్వని తిన్నగా పోతుంది, అడ్డం వస్తే ఆగుతుంది. గట్టు మూల నుంచి ఎదుటి మూలకి చూపు సాగేలా, తేలే డ్రమ్ముకి కట్టి, ట్రాన్స్‌డ్యూసర్ నీటి మట్టానికి 30 సెంటీమీటర్ల లోతులో ఉండేలా వేలాడదీయండి. వంపు ఉన్న చెరువులో ఒకటి చాలదు, వంపు వెనక ధ్వని నీడ పడుతుంది. తామర, గుర్రపుడెక్క ఉంటే ముందు తీసెయ్యాలి. ఇక చాలామంది పట్టించుకోనిది, గాలి బుడగలు. ఏరియేటర్ కొట్టే బుడగల తెర అల్ట్రాసౌండ్‌ని చెల్లాచెదరు చేసేస్తుంది, డబ్బా ముందు ఏరియేటర్ తిరుగుతుంటే మీరు గోడకి పాట వినిపిస్తున్నట్టే. ఏరియేటర్‌ని ట్రాన్స్‌డ్యూసర్ వెనక వైపు పెట్టండి, అంతేగానీ ఆపకండి. 21 మీటర్ల పొడవు, వెడల్పుతో తవ్వి షీటు పరిచిన కృషి హొండల్లాంటి (పొలంలో నీళ్ళు నిలవ చేసే గుంటలు) చిన్న గుంటలకైతే పెద్ద యంత్రం అక్కర్లేదు, ఉన్నవాటిలో చిన్నది చాలు.

పల్లెల్లో త్రీఫేజు కరెంటు రోజంతా రాదు, వచ్చినా వోల్టేజీ నిలకడగా ఉండదు, అందుకని సోలారు ప్యానెల్, రాత్రికి సరిపడే బ్యాటరీ ఉన్నదే చూసుకోండి. వైరు గట్టు మీద పైపులో పోవాలి, ఎలుకలు, పందికొక్కులు కొరుకుతాయి.

స్విచ్ వెయ్యడానికి ముందు వారం రోజులు పొద్దున ఐదింటికి డీవో, మధ్యాహ్నం మూడింటికి పీహెచ్, రేకు లోతు రాసిపెట్టుకోండి. ఇది లేకుండా యంత్రం పనిచేసిందో, ఒక వాన పడి నీళ్ళు మారాయో ఎప్పటికీ తేలదు. పక్కనే ఇంకో చెరువు ఉంటే దాంట్లో యంత్రం పెట్టకుండా అవే లెక్కలు రాయండి. పేడ, సూపర్ ఫాస్ఫేట్ ఎరువు వెయ్యడం ఆపండి, మేత తగ్గించండి.

మొదటి మూడు వారాలు జాగ్రత్తగా ఉండాల్సిన కాలం. దిగిపోయిన నాచు అడుగున కుళ్ళుతూ ఆక్సిజన్ తాగేస్తుంది, పైన ఆక్సిజన్ ఇచ్చే పచ్చదనమూ తగ్గి ఉంటుంది, సరిగ్గా అప్పుడే రెండు రోజులు మబ్బు పట్టిందంటే చెరువు చేతికందదు. రాత్రి పది నుంచి ఎండ వచ్చేదాకా ఏరియేటర్లు తిరగాలి. డీవో లీటరుకి 3 మిల్లీగ్రాముల కంటే కిందికి పడితే మేత ఆపండి, వీలైతే తాజా నీళ్ళు పెట్టండి. రేకు 50 సెంటీమీటర్లు దాటి కనిపిస్తుంటే యంత్రం ఆపెయ్యండి, అంత తేట నీళ్ళు మీకు అక్కర్లేదు, వెలుతురు అడుగుదాకా పోతే పాచి మొదలవుతుంది. తెట్టు ఉన్నంతకాలం గేదెల్ని ఆ నీళ్ళు తాగనివ్వకండి, కొన్ని రకాల్లో విషం ఉంటుంది. నాలుగైదు వారాలు గడిచినా రెండు చెరువుల లెక్కల్లో తేడా లేకపోతే మొహమాటపడకుండా డబ్బా తిరిగిచ్చెయ్యండి.

తొందరపడి మధ్యలో నాచు చంపడానికి మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) చల్లకండి. నీటి ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) కొలవకుండా వేసిన రాగి చేపల్నే చంపుతుంది, ముఖ్యంగా వాననీళ్ళు నిండిన గుంటల్లో, అక్కడ ఆల్కలినిటీ బాగా తక్కువుంటుంది.

యంత్రం బాగా పనిచేసినా నత్రజని, భాస్వరం ఎక్కడికీ పోవు, చెరువులోనే ఉంటాయి. మేతలో వెళ్ళిన నత్రజనిలో చేప ఒంటికి పట్టేది పావు వంతు, ఇంకాస్త, మిగతాదంతా నీళ్ళకే. 2018 నుంచి కేసీ వ్యాలీ పథకంలో కోలారు చెరువులకు వస్తున్న బెంగళూరు శుద్ధి చేసిన మురుగు నీళ్ళలో ఈ పోషకాలు ఎలాగూ ఎక్కువ, అలాంటి చెరువు కింద ఉన్నవాళ్ళు పేడ ఊసే ఎత్తకూడదు. మేత నింపి నీళ్ళలో వేలాడదీసిన సంచులు గంట తర్వాత పైకి లాగి చూడండి, మిగిలి ఉంటే మర్నాడు ఆ మేరకు తగ్గించండి. ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే చాలా చెరువులకు డబ్బా అవసరమే రాదు.

రోజువారీ సంరక్షణ పెద్దగా లేదు. ట్రాన్స్‌డ్యూసర్ ముఖం మీద జిగట పొర కడుతుంది, పదిరోజులకోసారి మెత్తటి గుడ్డతో తుడవండి, స్టీలు పీచు వాడకండి. ఫ్రీక్వెన్సీ మారేటప్పుడు టిక్కు టిక్కుమని వినబడితే కంగారు పడకండి, కొన్ని యంత్రాలు అలాగే ఉంటాయి. మనిషి నీళ్ళలోకి దిగేముందు ఆపండి. వల లాగే రోజు ముందు స్విచ్ ఆపి, తర్వాతే పైకి తియ్యండి, గాలిలో నడిస్తే వేడెక్కి పాడయ్యే రకాలు ఉన్నాయి, తాడు వలలో చిక్కుకుంటే కూలీలు ఊరుకోరు.