రసాయనాలు కలిసిన గెడ్డ: పూడిక తీసే ముందు చేయాల్సిన పనులు

గెడ్డ (వాగు) నీళ్లు రంగు మారి ఘాటు వాసన రాగానే ఊళ్లో అందరూ అనే మాట ఒకటే: పూడిక తీయించేద్దాం. శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం లాంటి మందుల కంపెనీల ప్రాంతంలో అది ఆఖరున చేయాల్సిన పని. నీరు పారిపోతుంది, విషం అడుగు బురదలో ఉండిపోతుంది. గాలి తగలని ఆ నల్ల బురదను కదిపితే నీటిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది, పట్టి ఉంచిన లోహాలను వదిలేస్తుంది. తవ్విన మర్నాడు కింది ఊళ్లో చేపలు తేలేది అందుకే.

ముందు చేతిలో పట్టే కండక్టివిటీ మీటరు ఒకటి కొనండి, నీటిలో లవణాలు ఎంత కరిగాయో అది చెబుతుంది. కంపెనీల కాలువ కలిసే చోటుకు ఎగువన ఒకచోట, దిగువన మూడుచోట్ల కొలవండి. పగలే కాదు, అర్ధరాత్రి దాటాక, వాన పడుతున్నప్పుడు కూడా కొలవాలి. దొంగచాటుగా వదిలేది ఎక్కువగా అప్పుడే. సాగునీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి హద్దు సెంటీమీటరుకు 2,250 మైక్రోసీమెన్స్. కందివలస గెడ్డలా సముద్రంలో కలిసే వాటిలో పోటు నీరు ఎక్కినా మీటరు పెరుగుతుంది. కాబట్టి మొగకు దగ్గర్లో తీసిన లెక్కతో ఎవరినీ నిందించకండి.

ల్యాబ్‌కు పంపే నీటిని ఒకే సీసాలో పట్టకూడదు. లోహాలకు ప్లాస్టిక్ సీసా, లీటరుకు 2 మి.లీ. గాఢ నైట్రిక్ ఆమ్లం. సీఓడీకి (నీటిలోని మురికిని రసాయనికంగా కాల్చడానికి పట్టే ఆక్సిజన్) సల్ఫ్యూరిక్ ఆమ్లం. రెండింటిలోనూ పీహెచ్ 2 కంటే దిగాలి. బీఓడీ (మురికిని తినే సూక్ష్మజీవులకు పట్టే ఆక్సిజన్) సీసాలో ఆమ్లం వేయొద్దు, ఐసులో పెట్టి అదే రోజు చేర్చండి. సాల్వెంట్లకు (కంపెనీలు వాడే, ఇట్టే ఆవిరయ్యే ద్రావకాలు) 40 మి.లీ. గాజు సీసా, మూత కింద ఒక్క బుడగ కూడా మిగలకుండా నింపాలి. బుడగ ఉంటే సాల్వెంటు అందులోకి ఆవిరై రిపోర్టులో తక్కువ చూపిస్తుంది. చేతికి తొడుగులు తప్పనిసరి. సీసా దగ్గర ముక్కు పెట్టి వాసన చూడొద్దు.

గాఢతతో పాటు పారుదల కూడా కావాలి. తిన్నగా పారే 10 మీటర్ల దూరం గుర్తు పెట్టి, కొబ్బరి పీచు ముక్క వదిలి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 10ని ఆ సెకన్లతో భాగిస్తే వేగం వస్తుంది. దాన్ని 0.85తో, తర్వాత వెడల్పు, సగటు లోతులతో గుణించాలి. సెకనుకు 50 లీటర్లు పారే గెడ్డలో సీఓడీ లీటరుకు 400 మి.గ్రా. ఉంటే రోజుకు 1,728 కిలోల భారం. అధికారి ముందు ఈ అంకె పెడితే మాట బరువు పెరుగుతుంది. అయితే మీ నమూనా ఫిర్యాదుకే పనికొస్తుంది. కోర్టులో నిలిచేది 1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి తీసిన నమూనాయే. అందుకే మీటరు ఎగబాకిన గంటను రాసిపెట్టి, ఆ వేళకే వాళ్లను రప్పించండి.

బురదకు రెండంగుళాల పీవీసీ గొట్టం చాలు. నిలువుగా దింపి, పైన చేత్తో మూసి లాగండి. పై 5 సెం.మీ., 5 నుంచి 15, 15 నుంచి 30 విడివిడిగా కోసి పంపాలి. పై పొర శుభ్రంగా ఉండి కింద మురికైతే కొత్త మట్టి దాన్ని కప్పేస్తున్నట్టు, అక్కడ కదపకపోవడమే మంచిది. పై పొరే మురికైతే విషం ఇంకా వస్తున్నట్టు. రాక ఆగకుండా ఏ మరమ్మతుకూ డబ్బు పెట్టొద్దు.

రాక ఆగాక, కరగని సేంద్రియ విషాలున్న చోట యాక్టివేటెడ్ కార్బన్ (విషాలను పట్టి ఉంచే బొగ్గు పొడి) వేయొచ్చు. పై 10 సెం.మీ. పొరకు ఎండు బరువులో 3 శాతం, అంటే చదరపు మీటరుకు సుమారు రెండున్నర కిలోలు. లవణాలకు ఇది పనికిరాదు. వరద ఒరవడి లేని చోట 30 సెం.మీ. శుభ్రమైన ఇసుక పరవొచ్చు. తవ్వక తప్పని చోట వేసవిలోనే, గట్టు కట్టి నీటిని పక్కకు మళ్లించాక తవ్వండి.

తవ్విన బురదను మాత్రం పొలాలకు తోలొద్దు. చెరువు మట్టి తోలి భూమికి బలం చేకూర్చే అలవాటు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉంది, ఇక్కడ అదే ప్రాణాంతకం. ఉపాధి హామీ పనిలోనైనా పరీక్ష ఫలితం రాకుండా పార దించనివ్వకండి. ప్రమాదకరమని తేలితే ప్రమాదకర వ్యర్థాల 2016 నిబంధనల ప్రకారం మ్యానిఫెస్ట్ (వ్యర్థం వెంట వెళ్లే రవాణా పత్రం) రాసి, విశాఖ దగ్గరి పరవాడలోని వ్యర్థాల శుద్ధి కేంద్రానికి పంపాల్సిందే.

ఒడ్డున వట్టివేరు, జమ్ము నాటండి, పశువులను మేయనివ్వకండి. అడుగున ఎర్ర పురుగులే కనిపిస్తే ఆక్సిజన్ ఇంకా చాలడం లేదు. తూనీగ పిల్లలు వస్తే కోలుకుంటున్నట్టు. కరిగిన ఆక్సిజన్ చేపలకు లీటరుకు కనీసం 4 మి.గ్రా. ఉండాలి, తెల్లవారుజామున కొలవండి, తక్కువయ్యేది అప్పుడే. చేపలు తిరిగొచ్చినా వాటి కండను, కాలేయాన్ని ల్యాబ్‌లో చూపించాకే వల వేయండి.