హైదరాబాదు నుంచి చుట్టుపక్కల పట్టణాలకు ఆర్టీసీ బస్సులో వెళ్లడం ఎలా

హైదరాబాదు నుంచి భువనగిరికో, సంగారెడ్డికో, సిద్దిపేటకో బస్సులో వెళ్లదలచినవారు ముందుగా తేల్చుకోవలసినది బస్సు ఎక్కే చోటు. నగరానికి కొత్తగా వచ్చినవారు ఏ ఊరికైనా నేరుగా గౌలిగూడలోని మహాత్మా గాంధీ బస్ స్టేషన్, అంటే ఎంజీబీఎస్‌కే చేరుకుంటారు. అక్కడ బస్సు దొరికినా, అది ట్రాఫిక్‌ను దాటుకుని నగర శివారుకు చేరేసరికే ప్రయాణ సమయంలో పెద్ద భాగం గడిచిపోతుంది. అందువల్ల మీరు వెళ్లే ఊరు ఏ రహదారిపై ఉందో చూసుకుని, ఆ రహదారి మొదలయ్యే చోటికి మెట్రోలోనో సిటీ బస్సులోనో చేరుకోవడం మేలు.

ఘట్‌కేసర్, భువనగిరి, యాదగిరిగుట్ట, జనగామ వెళ్లేవారికి ఉప్పల్ అనువైన చోటు. చౌటుప్పల్, నల్గొండ, సూర్యాపేట వైపు బస్సులు ఎల్బీనగర్‌లో ఆగుతాయి. ఈ రెండు చోట్లకూ మెట్రో ఉంది. గజ్వేల్, సిద్దిపేట, మెదక్, కామారెడ్డి ప్రయాణికులకు సికింద్రాబాదులోని జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) ఉంది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్-ఎంజీబీఎస్ మెట్రో మార్గం మొదలయ్యాక పాతబస్తీ వైపు నుంచి అక్కడికి చేరడం ఎంతో తేలికైంది. షాద్‌నగర్, జడ్చర్ల బస్సులను ఆరాంఘర్‌లోను, చేవెళ్ల, వికారాబాద్ బస్సులను మెహిదీపట్నంలోను, సంగారెడ్డి, జహీరాబాద్ బస్సులను పటాన్‌చెరులోను ఎక్కవచ్చు. అయితే సంక్రాంతి, దసరా రద్దీలో ఈ సలహా పనిచేయదు. బస్సులు బయలుదేరే చోటే నిండిపోతాయి కనుక, ఆ రోజుల్లో, ముఖ్యంగా పిల్లలతోనో పెద్దవారితోనో వెళ్లేటప్పుడు, మొదటి స్టేషన్‌కే వెళ్లి ఎక్కాలి.

ఇక బస్సు రకం. పల్లెవెలుగు దాదాపు ప్రతి ఊళ్లోనూ ఆగుతుంది కాబట్టి ఆలస్యమవుతుంది, కానీ రహదారికి లోపలున్న పల్లెలకు వెళ్లేవారికి అదే ఆధారం. పట్టణం నుంచి పట్టణానికి ఎక్స్‌ప్రెస్ సరిపోతుంది. డీలక్స్, సూపర్ లగ్జరీల ఛార్జీ ఎక్కువ. గంట, గంటన్నర ప్రయాణానికి అవి అవసరం లేదని నా అభిప్రాయం.

2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్లు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోను, నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోను ఉచితంగా ప్రయాణించవచ్చు. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తారు. డబ్బు కట్టలేదు కదా అని దానిని పారేయకుండా దిగేదాకా దగ్గర ఉంచుకోండి, తనిఖీ సిబ్బంది అడిగితే చూపాలి. డీలక్స్, ఆపై సర్వీసులకు ఈ పథకం వర్తించదు కాబట్టి ఎక్కేముందే బోర్డు చదవాలి.

బోర్డుపై చివరి ఊరి పేరు చూసి మధ్య ఊరికి ఎక్కేవారు మరొక విషయం తప్పక అడగాలి. వరంగల్ వెళ్లే బస్సుల్లో కొన్ని బైపాస్ మీదుగా పోతాయి, భువనగిరి ఊళ్లోకి రావు. జహీరాబాద్ వైపు బస్సుల్లో కొన్ని సంగారెడ్డి బస్టాండుకు పోకుండా పోతిరెడ్డిపల్లి చౌరస్తాలోనే దింపుతాయి, అక్కడి నుంచి ఆటో చూసుకోవాలి. సామానుతో ఉన్నవారికి ఇది చిన్న ఇబ్బంది కాదు. అందుకని “ఊళ్లోకి పోతుందా, బైపాస్‌లో పోతుందా?” అని కండక్టర్‌ను, కండక్టర్ లేని బస్సైతే డ్రైవర్‌ను, టికెట్ తీసుకోకముందే అడగండి.

సాయంత్రం తిరిగి రావలసి ఉంటే, ఆ ఊరి బస్టాండులో దిగగానే విచారణ కౌంటర్ వద్ద హైదరాబాదుకు చివరి బస్సు ఎన్నింటికో, అది నగరంలో ఎక్కడిదాకా వెళ్తుందో తెలుసుకోండి.