చెల్క తుమ్మిని పెరట్లో మొలిపించుకోవడం

వినాయక చవితి పొద్దున మా అత్తమ్మ వెనక చెల్కలోకి, అంటే ఎర్రమన్ను మెట్ట చేలోకి వెళ్తే, పండక్కి వండుకునే తుమ్మికూర పావుగంటలో కొంగు నిండా వచ్చేది. మాది దేవరకొండ వైపు. ఇప్పుడు పత్తి చేలల్లోనే కాదు, గట్ల మీద కూడా గడ్డి మందు కొడుతున్నారు. మూడేళ్ల కింద చవితికి ఎంత తిరిగినా గుప్పెడు దొరకలేదు. ఆ రోజు నాకు నిజంగా బాధేసింది. అప్పటి నుంచి పెరట్లో నేనే పెంచుతున్నాను.

తుమ్మి ఒక్క ఏడాది మొక్క. వానలకు మొలిచి, పూసి, గింజ రాల్చి ఎండిపోతుంది. అందుకే అన్నిటికంటే ముందు గింజ పట్టుకోవడం తెలియాలి. కణుపుల దగ్గర కాడ చుట్టూ ఉండే గుత్తిని చూడండి. తెల్లపూలు రాలాక సన్న గొట్టాలు మిగులుతాయి. ఒక్కో గొట్టం అడుగున నాలుగు గింజలుంటాయి. కింది గుత్తి ఎండేసరికి పై గుత్తి ఇంకా పూస్తూనే ఉంటుంది. కార్తీక సోమవారం శివుడికి పూలు కోసేటప్పుడే నేను కింది గుత్తులు తడిమి చూస్తాను. గోధుమ రంగుకు తిరిగి గరగరలాడితే తెంపొచ్చు. పచ్చిగా ఉంటే వదిలేయండి. తెంపినవి రెండు రోజులు నీడలో ఆరబెట్టి, చాటలో నలిపి, మెల్లగా చెరగాలి. గట్టిగా చెరిగితే పొట్టుతో పాటు గింజ కూడా పోతుంది. బట్ట మూటలో దాచండి.

మృగశిర కార్తెలో ఒక వాన పడ్డాక చల్లాలి. గింజ చిన్నది కాబట్టి దోసెడు ఇసుకలో కలిపితే పలచగా పడుతుంది. పైన మన్ను కప్పొద్దు, చేత్తో అదిమితే చాలు. మొదటి ఏడాది నేను కుండీలో పశువుల ఎరువు బాగా కలిపి, గింజను వేలు లోతున పెట్టి, రోజూ నీళ్లు పోశాను. మొలిచినవే నాలుగు, అవీ మొదలు కుళ్లి పడిపోయాయి. రెండో ఏడు చెల్క ఎర్రమన్ను, ఇసుక మాత్రమే వాడాను. ఎండ బాగా తగిలే చోటు చూసుకుని, వాన మొహం చాటేసినప్పుడే నీళ్లు చల్లాను. జానెడు జానెడు మొక్కలు గుబురుగా వచ్చాయి.

కూరకు పూతకు ముందే లేత కొసలు గిల్లాలి, ముదిరితే చేదెక్కువ. మొక్కను వేర్లతో సహా పీకొద్దు, గిల్లిన చోట పక్క కొమ్మలు వేస్తుంది. రోడ్డు పక్కది, మందు కొట్టిన చేను గట్టుదీ మాత్రం తినకండి. నేను సగం మొక్కలు గిల్లి, సగం పూలకు, గింజకు వదిలేస్తాను. పూసినవాటి మీద పొద్దున్నే తేనెటీగలు వాలుతాయి. గిల్లిన కొసలు చవితి నాడు కందిపప్పులో వేసి, కాస్త చింతపండు రసం పిండి వండుతాను.