కోనసీమ చెమ్మలో హాకీ గోలీ (గోల్‌కీపర్) జెర్సీని దాచుకోవడం ఎలా?

ముందే చెబుతున్నాను, దాన్ని ఉతక్కండి. కెనడాలోని కాల్గరీ నుంచి మా అల్లుడు తెచ్చిన జెర్సీని బ్యాగులోంచి తీయగానే మా ఆవిడ ‘ఇంత మురికి చొక్కా ఎవరికండీ’ అంటూ బకెట్లో సర్ఫ్ కలపబోయింది. అది గేమ్ వోర్న్ జెర్సీ, అంటే ఆటగాడు మ్యాచ్‌లో తొడుక్కున్నది. ఉన్న విలువంతా ఆ మరకల్లోనే ఉంది.

ఇది మంచు మీద స్కేట్లతో ఆడే హాకీ. మా దగ్గరున్నది కాల్గరీ ఫ్లేమ్స్ జట్టు గోలీ మీక్కా కిప్రుసాఫ్ తొడిగిన తెల్ల జెర్సీ, నంబరు 34. ఆయనది ఫిన్లాండ్. శాన్ హోసే జట్టులో బెంచీ మీద కూర్చోబెట్టిన మనిషిని 2003 నవంబరులో ఫ్లేమ్స్ తెచ్చుకుంది. ఆ సీజన్లో 38 మ్యాచ్‌లాడి, సగటున మ్యాచ్‌కి 1.69 గోల్స్ మాత్రమే ఇచ్చాడు. జట్టును ఆ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్ దాకా లాక్కెళ్లాడు. అక్కడ టాంపా బే జట్టు చేతిలో, ఏడు మ్యాచ్‌ల ఫైనల్లో చివరిదైన ఏడో మ్యాచ్‌లో ఓడిపోయారు. 2006లో ఉత్తమ గోలీకిచ్చే వెజీనా ట్రోఫీ అందుకున్నాడు. 2024 మార్చిలో ఆయన 34 నంబరు ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేశారు.

దాచే ముందు అసలుదో కాదో చూసుకోవాలి. అమలాపురంలో ముప్పై ఏళ్లుగా టైలరింగ్ చేస్తున్నాను కాబట్టి నా కన్ను ముందు కుట్టు మీదికే పోతుంది. జెర్సీని తిరగేసి మంచం మీద పరవండి. గోలీ లోపల లావుపాటి ఛాతీ కవచం వేసుకుంటాడు కాబట్టి ఒళ్లు, చేతులు మామూలు ఆటగాడి జెర్సీ కంటే వెడల్పుగా కత్తిరిస్తారు. సైజు అంకె పక్కన ‘జి’ అక్షరం ఉంటుంది. వెనక అంచు లోపల ఒక పట్టీ కుట్టి ఉంటుంది. కొట్లాటలో జెర్సీ తల మీదికి లాగేయకుండా దాన్ని ప్యాంటుకి బిగిస్తారు. వాడని జెర్సీలో ఆ పట్టీ బిర్రుగా ఉంటుంది. వాడినదాంట్లో వెల్క్రో నూగు రేగి, కుట్టు దగ్గర కాస్త సాగి కనిపిస్తుంది.

ఇప్పుడు ముందు వైపు చూడండి. పక్ అంటే అంగుళం మందం, మూడంగుళాల వెడల్పున్న గట్టి రబ్బరు బిళ్ల. అది ఛాతీకో, మోచేతికో తగిలిన చోట పొట్టి నల్ల గీత పడుతుంది. జట్టువాళ్లు మ్యాచ్ అయ్యాక జెర్సీలు ఉతికేస్తారు, అయినా ఆ రబ్బరు గీతలు పూర్తిగా పోవు. గోల్ పోస్టును ఆనుకుని నిలబడినప్పుడు అంటుకునే ఎర్ర రంగు కూడా తెల్ల జెర్సీ మీదే బయటపడుతుంది. చివరగా మ్యాచ్ ఫోటో పెద్దది చేసి, 3, 4 అంకెల అంచు జాలీ గుడ్డలో ఏ రంధ్రాల మీదుగా పోయిందో పోల్చండి. ఏ రెండు జెర్సీలకీ అంకెలు అచ్చం ఒకే రంధ్రాల మీద కుట్టడం కుదరదు. అసలుదేనని జెర్సీతో ఇచ్చే సర్టిఫికెట్ కంటే నేను దీన్నే నమ్ముతాను.

ఇక చెమ్మ సంగతి. పాలిస్టర్ గుడ్డని బూజు తినదు గానీ, అందులో మిగిలిపోయిన చెమట మీద పెరుగుతుంది. చెమటలోని ఉప్పు గాలిలో తేమని లాక్కుంటుంది. పైగా మన ఇళ్ల చుట్టూ కొబ్బరితోట, పంటకాలవ. అందుకని ప్లాస్టిక్ కవర్లో బిగించకండి. బాగా ఉతికి ఆరేసిన పాత పంచెలో చుట్టండి. గంజి పెట్టిన పంచె మాత్రం వద్దు, గంజి కోసం పురుగులొస్తాయి. మడత పడే చోట్ల అదే గుడ్డని చుట్టలా చేసి పెడితే అంకెలు విరగవు. బీరువాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో తరచూ మార్చండి. కలరా ఉండలు వేయొద్దు. ఆ వాసన ఒకసారి పడితే వదలదు.

అటక మీద పెడితే వేసవి వేడికి అంకెల కింది జిగురు వదిలేస్తుంది. కింది అరలో పెడితే జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగినప్పుడు టెన్షన్. పై అంతస్తు బీరువాలో మధ్య అర మంచిది. సర్టిఫికెట్‌ని చెదలకి అందకుండా విడిగా రేకు డబ్బాలో ఉంచండి.

బూజు పట్టిందా, కంగారుపడి తడిగుడ్డతో తుడవకండి, ఇంకా పాకుతుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఆరుబయట నీడలో పూర్తిగా ఆరనిచ్చి, మెత్తటి బ్రష్‌తో పైపైన దులపండి. నల్ల గీతల జోలికి వెళ్లకండి. కార్తీకంలో గాలి పొడిబారాక ఒకసారి బయటికి తీసి ఆరబెడితే చాలు, ఎండలో మాత్రం వద్దు.

ఫ్రేమ్ కట్టించాలనుకుంటే జల్లు కొట్టే బయటి గోడకి కాకుండా లోపలి గోడకి తగిలించండి. అద్దం గుడ్డకి ఆనకూడదు. ఫ్రేము షాపువాళ్లు జిగురో, గుండుసూదులో వాడబోతారు. జిగురు మరక పోదు, సూదులు మన గాలికి తుప్పు పడతాయి. సన్నటి కాటన్ దారంతో, జాలీలో ముందే ఉన్న రంధ్రాల్లోంచి వదులుగా నాలుగు చోట్ల టాకా వేయమనండి.